అడవి బడికి సొమ్ము: పేర్లను బట్టియా, హాజరును బట్టియా?

(ఖమ్మములో నొక పఠన మందిరమున చేసిన ప్రసంగము)



మొన్నటి మాఘమాసమున మేము భద్రాచలము మన్యములో నొక చిన్న ప్రాథమిక పాఠశాలకు పోయితిమి. ఊరిపేరు చెప్పము. చెప్పినయెడల అక్కడి పంతులుగారికి మేలుకంటె కీడే యెక్కువ జరుగవచ్చును. హాజరు పట్టీలో 34 పేర్లున్నవి. గదిలో కూర్చున్నవారు 15 గురు. ఇద్దరికి జ్వరము. తక్కిన 17 గురును తల్లిదండ్రుల వెంట మిరపకాయ కోతకు పడమటి గ్రామములకు తరలిపోయిరి. వారి యిండ్లకు తడికలు కట్టియున్నవి. కొన్నియింట ముసలివారు మాత్రము మిగిలిరి. "ఉగాది దాటినగాని రారండి" అని పంతులుగారు చెప్పిరి. ఆయన ఆ 17 పేర్ల యెదుటను ఉన్నదున్నట్లు గైరుహాజరు వేసియుండిరి. అంతకు కొలదిదినముల ముందు వచ్చిన పైయధికారి యొకరు ఆ పట్టీని తిరుగవేసి, "15 మందికి ఇద్దరు పంతుళ్లెందుకయ్యా?" అని యడిగి వెళ్లెనట. నిజము వ్రాసినందులకు ఆ బడికి దక్కిన బహుమానమిది.

ఆ మాట మా చెవిలో నేటికిని మ్రోగుచున్నది. దానినుండియే మా ప్రసంగవిషయము పుట్టినది. సర్కారు బడికి సొమ్మును, పంతుళ్లను ఏ లెక్కను బట్టి యియ్యవలెను? చేరిన పిల్లల సంఖ్యను బట్టియా, దినదినము వచ్చి కూర్చుండు పిల్లల సంఖ్యను బట్టియా? పట్టణవాసులకు ఇది గుమాస్తాల తగవుగా తోచవచ్చును. ఖమ్మములో గాని, కొత్తగూడెములో గాని చేరినవారికిని వచ్చువారికిని నడుమ నున్న యంతరము అంతగా కంటికి కనబడదు. గోదావరి వంతెన దాటి దుమ్ముగూడెము, చర్ల దారి పట్టిన పిమ్మట ఆ యంతరము నెలనెలకు మారును. అక్కడ ఈ తగవులో తేలవలసినది బడి యుండుటయా, ఊడుటయా యన్నదే.

ముందుగా నేడు నడచుచున్న పద్ధతి యెట్లున్నదో చూతము. 2009లో పుట్టి 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రాథమిక తరగతులలో చేరిన పిల్లలు 60 మంది వరకు నున్న బడికి ఇద్దరు ఉపాధ్యాయులుండవలెను. 61 నుండి 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు. చట్టమందలి మాట "చేరిన పిల్లలు" అనియే గాని "వచ్చిన పిల్లలు" అని కాదు. సమగ్ర శిక్ష పథకము క్రింద బడికి ఏటేట వచ్చు సంయుక్త గ్రాంటును సైతము చేరికను బట్టియే కట్టుదురు. 30 మంది వరకు 10,000 రూపాయలు, 31 మొదలు 100 వరకు 25,000, 250 వరకు 50,000, వేయివరకు 75,000, అంతకు మించినచో లక్ష. ఆ సొమ్ము సకాలమున చేరునా యనునది వేరొక కథ, దానిని మరియొకనాడు చెప్పుకొందము.

మేము చూచిన బడినే తీసికొనుడు. పేర్లు 34 గనుక దానికి 25,000 రావలెను. అట్లుగాక సంవత్సరపు సగటు హాజరే ప్రమాణమనియు, ఆ సగటు 28 అనియు ననుకొందము. వచ్చునది 10,000. ఆరుగురు పిల్లలు పట్టీలో తగ్గగానే 15,000 రూపాయలు ఎగిరిపోయినవి. ఖర్చులో తగ్గినదేమి? నల్లబల్ల సగమగునా? బోరింగు చెడిపోయిన, మేస్త్రి సగము కూలికి వచ్చునా? దీపముల బిల్లు గదిలో ఎందరు కూర్చున్నారని యడుగదు. వాన కురిసినప్పుడు కారు పైకప్పు 15 గురి మీదను కారును, 34 గురి మీదను కారును. చిన్న బడికి అయ్యెడు వ్యయములో నధికభాగము తలలను బట్టి యయ్యెడునది కాదు, బడి యుండుటను బట్టి యయ్యెడునది.

అన్నము మాట వేరు. మధ్యాహ్న భోజనమునకు ప్రాథమిక తరగతులలో పిల్లవానికి దినమునకు 100 గ్రాములు, ఆపై తరగతులలో 150 గ్రాములు బియ్యము. తినువారు 15 గురైన కిలోన్నర వండవలెను గాని 34 గురి లెక్కన మూడు కిలోల నాలుగువందల గ్రాములు వండి పారబోయుట పాడికాదు. అయితే వంట చేయు స్త్రీల లెక్క చేరికను బట్టి నడచుచున్నది. 25 మంది వరకు ఒకరు, 26 మొదలు 100 వరకు ఇద్దరు. ఈ యేర్పాటు చేసినవాడెవడో గాని వంటిల్లెరిగినవాడు. బియ్యము తినెడు నోళ్లను బట్టి, పొయ్యి దగ్గరి చేతులు రాదగిన నోళ్లను బట్టి. ఫాల్గుణమున పిల్లలు తగ్గిరని వంటమనిషిని తీసివేసి, ఉగాది తరువాత తిరిగి పిలిచిన ఆమె వచ్చునా?

ఈ భోజనపథకపు చరిత్రలోనే మన వాదమునకు తగిన నిదర్శనమున్నది. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము ఈ పథకమును ప్రారంభించినప్పుడు అనేకరాష్ట్రములలో వండిన యన్నము లేదు. పిల్లవానికి నెలకు మూడు కిలోల ధాన్యము ఇంటికిత్తురు, నూటికి 80 వంతుల హాజరుండవలెను. నెలలో 20 దినములు బడి జరిగిన, 16 దినములు వచ్చిన పిల్లవానికి మూడు కిలోలు, 15 దినములు వచ్చినవానికి సున్న. ఇట్టి నిబంధన యెదుట మనసున్న ఉపాధ్యాయుడేమి చేయును? ఆకలితోనున్న తల్లి గుమ్మమున నిలిచియుండగా ఆ పదునారవ గీటు గీయకుండునా? గీసినవానిని మేము నిందింపజాలము. కాని నాటినుండి ఆ పట్టీని నమ్ముటయు కుదరదు. 2001 నవంబరు 28న సుప్రీముకోర్టు వండిన యన్నమే పెట్టవలెనని యాజ్ఞాపించెను. 2003 జనవరి నుండి మన తెలుగుదేశమున వేడి యన్నము వచ్చినది. అన్నము తినుటకు పిల్లవాడు స్వయముగా రావలెను గదా! గీటు కంటె కంచము నమ్మదగిన సాక్షి.

ఇది మనకు క్రొత్తగా వచ్చిన తగవు కాదు. 1862లో ఇంగ్లాండున రాబర్టు లో అను మంత్రి బడుల గ్రాంటునకు క్రొత్త నిబంధన లేర్పరచెను. సగటు హాజరును బట్టి పిల్లవానికి నాలుగు షిల్లింగులు, ఇన్‌స్పెక్టరు ముందు చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూడింటను నెగ్గినచో మరి యెనిమిది. ఒక్కొక్క విషయమునందు తప్పినకొలది రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీల కోత. ఫలితమేమి? తనిఖీనాడు జబ్బుపడిన బిడ్డలను గూడ బడికి చేర్చిరి. కవియై, బడుల ఇన్‌స్పెక్టరుగా నుండిన మాథ్యూ ఆర్నాల్డు దీనిని ఖండించెను. ఆ వ్యాధియే మనకును అంటినది. 1882 నాటి హంటరు కమిషను ప్రాథమిక పాఠశాలల సహాయమును చాలవరకు పరీక్షాఫలితములను బట్టియే యియ్యవలెనని చెప్పెను. 1904లో కర్జను ప్రభుత్వపు విద్యాతీర్మానము ఆ పద్ధతిని విడనాడెను. దొరలు నలువది సంవత్సరములకు నేర్చిన పాఠమును మనము మొదటినుండి నేర్చుకొనవలసిన పనిలేదు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రము నేటికిని బడులకు సగటు దినహాజరును బట్టియే ధన మిచ్చుచున్నది. 1998 నుండి జ్వరము వచ్చి రాని పిల్లవానికి గూడ అక్కడ పైకము లేదు. 2022లో ఆ రాష్ట్రపు శాసనసభలో చేరికను బట్టి యియ్యవలెనని యొక బిల్లు వచ్చినది గాని చట్టము కాలేదు. అంతటి సంపన్నరాష్ట్రమునందే బీదలు నివసించు పేటల బడులు ఈ పద్ధతిచే నష్టపోవుచున్నవన్న మొర వినబడుచుండగా, వాగు దాటి రావలసిన పిల్లలున్న మన మన్యపు గతి యేమి?

ఇక మన యడవికి వత్తము. ఇక్కడి పిల్లవాడు బడికి రాకపోవుటకు సోమరితనము కారణమని పట్టణములో కూర్చుండి యనుట తేలిక. కాలచక్రమును చూడుడు. జూనులో బడి తెరచునప్పటికి కోయగూడెములలో విత్తనాల పండుగ. జూలై, ఆగస్టులలో గోదావరి. భద్రాచలమువద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టున 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినది. మొదటి హెచ్చరికకు ముందే చిన్న వాగులు పొంగి గూడెములకు దారులు తెగును. నీరు మరియు పెరిగినచో బడియే శిబిరమగును. అప్పుడు వింత చూడుడు: ఊరంతయు బడిలోనే యుండును, హాజరు మాత్రము సున్న! నీరు తీసిన తరువాత దోమలు, జ్వరములు. సంక్రాంతి దాటినది మొదలు ఖమ్మము మిరప. మన యార్కెట్టు యార్డులో గుట్టలుగా పడుచున్న యెర్రని కాయను కోసిన చేతులలో మన్యపు చేతులును, ఛత్తీసుగఢు నుండి వచ్చిన చేతులును గలవు. తల్లి కోయుచుండగా చంటిబిడ్డను చూచుకొనునది ఎనిమిదేండ్ల అక్క. ఆమె పేరు ఎక్కడనో యొక పట్టీలో గైరుహాజరుగా నున్నది. రెండేండ్ల కొకమారు మేడారము జాతర యీ నెలలలోనే పడును.

తరువాత ఇప్పపూవు. ఇది తెల్లవారుజామున రాలును, ప్రొద్దెక్కకముందే యేరుకొనవలెను. మార్చి నడుమనుండి మన తెలంగాణములో ఒంటిపూట బడులు ప్రారంభమగును, ఉదయము ఎనిమిదింటికి గంట కొట్టుదురు. ఎండను తప్పించుటకు చేసిన యేర్పాటు పట్టణమున మంచిదే. అడవిలో అది సరిగా పూవేరు వేళకే వచ్చి కూర్చున్నది! ఆ పూవు ఇంటికి బియ్యమగును, ఉప్పగును. పిల్లవాడు చెట్టు క్రింద నుండునా, గంట క్రింద నుండునా? తునికాకు మాత్రము చాలవరకు వేసవి సెలవులలో పడుటచే ఆ నేరమునుండి తప్పించుకొన్నది.

విద్యాహక్కు చట్టపు 9వ సెక్షను విద్యాసంవత్సరపు పట్టికను నిర్ణయించు పనిని స్థానిక సంస్థకే యప్పగించినది. వలసవచ్చిన కుటుంబముల పిల్లలను చేర్చుకొను బాధ్యతయు ఆ సెక్షనులోనే యున్నది. 8వ సెక్షను మరియు స్పష్టముగా, "నిర్బంధవిద్య" యనగా పిల్లవాని చేరికను, హాజరును, చదువు ముగింపును సాధించు బాధ్యత ప్రభుత్వముదేనని చెప్పుచున్నది. ఈ మాటను చదువరులు గమనింపవలెను. హాజరు సర్కారు తీర్పవలసిన బాకీ. బిడ్డ రాలేదని బడి పద్దు తగ్గించుట యనగా బాకీపడ్డవాడే యెగవేసి, ఆ మిగులును తన పెట్టెలో వేసికొనుట కాదా?

అదియుగాక, హాజరు తగ్గుటకు కారణము ఎల్లప్పుడును పిల్లవానియింటనే వెదకనక్కరలేదు. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 3వ నెంబరు జీవో ద్వారా షెడ్యూలు ప్రాంతములలోని ఉపాధ్యాయపదవులన్నిటిని స్థానిక గిరిజనులకే యిచ్చుటకు చెప్పిన కారణములలో ముఖ్యమైనది, మైదానమునుండి వచ్చిన ఉపాధ్యాయులు బడికి రాకుండుట. 2020 ఏప్రిల్ 22న సుప్రీముకోర్టు నూటికి నూరు కేటాయింపు చెల్లదని ఆ జీవోను కొట్టివేసినది. ఆ తీర్పు మంచిచెడ్డలలోనికి నేడు పోము. ఉపాధ్యాయుని గైరుహాజరు ఈ యడవిలో ఎంతటిదో ప్రభుత్వమే వ్రాతమూలముగ నొప్పుకొన్నదని మాత్రము గుర్తుంచుకొందము. ఏకోపాధ్యాయ పాఠశాలలో పంతులుగారు మండలకేంద్రమున సమావేశమునకు పోయిననాడు బడికి తాళము. నాలుగుమారులు వచ్చి తాళము చూచి మరలిపోయిన పిల్లవాడు అయిదవమారు రాడు. హాజరు పడిపోవును. హాజరును బట్టి పోస్టు పోవును. పోస్టు పోయిన హాజరు మరియు పడును. చివరకు బడిని ప్రక్క యూరి బడిలో కలిపితిమని యొక కాగితము వచ్చును. ఆ ప్రక్క యూరికి నడుమ వాగున్నదని కాగితమెరుగదు.

ఇక ప్రతిపక్షము. మా మిత్రులొకరు, లెక్కలలో గట్టివారు, మమ్మిట్లు ప్రశ్నించిరి: "పేర్లకే సొమ్మిచ్చిన పేర్లే పెరుగును. చచ్చినవారు, పెండ్లియై పోయినవారు, ప్రైవేటు బడిలో చదువువారు అందరును పట్టీలో నుందురు. పంతులుగారు పిల్లలను పిలువనే పిలువరు. హాజరుకు ధరయుండిన ఇంటింటికి పోయి తెత్తురు." ఈ వాదమున నిజము లేకపోలేదు. దొంగపేర్లు ఉండెడివి. ఒకే పిల్లవాడు రెండుబళ్లలో నుండుటయు మనమెరుగనిది కాదు. కాని 2022-23 నుండి దేశమందంతట బడుల గణన పిల్లవాని పేరుపేరున జరుగుచున్నది. ఆ యేట దేశములో 25.17 కోట్లున్న చేరిక 2023-24లో 24.80 కోట్లకు దిగినది. ఆ 37 లక్షలలో రెండుచోట్ల వ్రాసిన పేర్లు కొన్ని రాలిపోయినవని చెప్పుచున్నారు. అనగా పేరును సరిచూచుటకు సాధనము వచ్చినది. ముఖమును గుర్తించు యంత్రముతో హాజరు వేయుటయు వచ్చినది. ఈ యంత్రము దుమ్ముగూడెము అడవిలో సిగ్నలు లేనిచోట ఏ ముఖమును గుర్తించునో మేము చెప్పజాలము.

మిత్రుని రెండవ మాటకు మా సమాధానమిది. పంతులుగారు పిల్లలను తెత్తురన్నారు, ఎక్కడినుండి? నూరుమైళ్ల యవతలి మిరపచేనినుండియా? తేగలిగిన దూరమున నున్న పిల్లవానికి ఈ వాదము వర్తించును. తేలేని దూరమున నున్నవానికి పట్టీలో దొంగగీటు ఒక్కటే దారి. పేర్ల దొంగతనమును సంవత్సరమున కొకమారు ఊరివారి యెదుట లెక్కించి పట్టుకొనవచ్చును. హాజరు దొంగతనము రెండువందల దినములు, దినదినమును జరుగును. దానిని పట్టువాడెవడు?

అయినను, చేరికను బట్టి యియ్యవలెనన్నంత మాత్రమున మా పక్షము నిర్దోషమని మేమనుకొనుటలేదు. చేరికను ఏ దినమున లెక్కించుదురు? చిరకాలముగా సెప్టెంబరు 30 ఆ గణనకు గురుతుగా నున్నది. మనయూరి పిల్లలకు అది మేలైన దినమే, వరద తీసియుండును, మిరప రాకయుండును. కాని 2005లో సల్వా జుడుము మొదలైన తరువాత బస్తరునుండి ప్రాణములు చేతబట్టుకొని యిటు వచ్చి మన యడవులలో గుడిసెలు వేసికొన్న గుత్తికోయల పిల్లల మాటేమి? వారి గుంపులు కొన్ని రెవెన్యూ గ్రామముల జాబితాలోనే లేవు. మిరప కాలమున జనవరిలో తల్లిదండ్రులతో వచ్చి ఏప్రిల్‌లో మరలిపోవు పిల్లలు సెప్టెంబరు లెక్కకు దొరకరు. అక్కడి బడిలో పేరుండియు పిల్లవాడు లేడు, ఇక్కడ పిల్లవాడుండియు పేరు లేదు. హద్దుల మాట చెప్పనక్కరయే లేదు. భద్రాచలము 1860లో నిజామునుండి ఇంగ్లీషువారికి, 1874లో మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానికి, 1959లో ఖమ్మము జిల్లాకు మారెను. 2014లో చుట్టునున్న మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి, పట్టణము తెలంగాణములో నిలిచినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా పుట్టినది. ఇల్లొక రాష్ట్రమున, బడి యొక రాష్ట్రమున నున్న పిల్లవాని తలను ఏ సర్కారు లెక్కించును?

కావున మేము కోరునది ఇది. పంతులు, వంటమనిషి, గది, సంయుక్త గ్రాంటు వీనిని చేరికను బట్టి యిండు. ఆ చేరికను ఏడాదికి ఒక్కమారుగాక సెప్టెంబరులో నొకమారు, ఫిబ్రవరిలో నొకమారు లెక్కించి, రెంటిలో నెక్కువదానిని ఆ బడికి ప్రమాణముగా గైకొనుడు. మిరపచేలున్న గ్రామముల బడులకు ఫిబ్రవరి లెక్క సొమ్ము తెచ్చును, మన్యపు బడికి సెప్టెంబరు లెక్క నిలుచును. బియ్యమును, కూరగాయల ఖర్చును వచ్చిన పిల్లలను బట్టియే యిండు. హాజరు పట్టీని మాత్రము సొమ్మునుండి విడదీయుడు. అప్పుడే అది నిజము చెప్పును. నిజము చెప్పిన పట్టీని చూచి, ఏ నెలలో ఏ గూడెము ఖాళీయగుచున్నదో, ఎక్కడ కొన్నినెలల వసతిగృహము కావలెనో, ఏ బడికి గంట పదింటికి కొట్టవలెనో తెలిసికొనవచ్చును. 30 కంటె తక్కువ పేర్లున్న అడవి బడికి 10,000 చాలదు. ఆ మెట్టును షెడ్యూలు ప్రాంతములవరకైనను తీసివేయవలెను.

ఆశ్రమపాఠశాలలుండగా ఈ చిన్న బడులెందుకని యడుగువారు కలరు. 2024లో వసతిగృహముల భోజనఖర్చును నూటికి 40 వంతులు పెంచి, మూడు మొదలు ఏడవ తరగతి వరకు 950 రూపాయలనుండి 1,330కి చేర్చిరి. సంతోషము. కాని ఆరేండ్ల బిడ్డను తల్లినుండి తీసి ఆశ్రమమున నుంచుట చదువునకు మొదటిమెట్టు కారాదు.

ఇక సభ్యులకు ఒక పని చెప్పి విరమింతుము. మీలో పలువురకు మన్యమున బంధువులు, వ్యాపారములు, పొలములు కలవు. మిరప చేలున్న రైతులును ఈ సభలో నున్నారు. ఈ మాఘమున మీ చేలోనికి కూలీలు వచ్చినప్పుడు వెంటవచ్చిన పిల్లలెందరో, ఏ యూరివారో, ఏ తరగతిలో నుండిరో ఒక కాగితముమీద వ్రాసి మీ యూరి బడి ప్రధానోపాధ్యాయునకిండు. వారిని చేర్చుకొననన్నచో 9వ సెక్షను చూపుడు. ఆ కాగితపు నకలు నొకటి ఈ పఠన మందిరమునకు పంపుడు. మేము చూచిన ఆ బడిలోని 17 పేర్లను పంతులుగారి యనుమతితో మేము వ్రాసికొని వచ్చితిమి. అవి ఇచ్చటి మేజామీద నున్నవి.